గాలపాగోస్‌లో చిన్న ఓడా, ఊళ్లో బసా: ఏది మేలు?

ఒంగోలులో ఉండే మా అక్క, బావ వచ్చే ఏడాది పసిఫిక్ సముద్రంలో ఈక్వడార్ దేశానికి చెందిన గాలపాగోస్ దీవులకు బయల్దేరుతున్నారు. "ఓడలో ఉండాలా, ఊళ్లో హోటల్ తీసుకొని రోజూ బోటులో వెళ్లి రావాలా?" అని అక్క నెల్లూరికి ఫోన్ చేసింది. మేము రెండూ చూసి వచ్చాం. నాలుగు రోజులు 16 మంది పట్టే ఓడలో, తర్వాత మూడు రోజులు శాంతాక్రూజ్ దీవిలోని ప్యుయెర్తో అయోరా అనే ఊళ్లో. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. ఓడ చాలా ఖరీదు. దీవుల్లో అడుగుపెట్టేందుకు కట్టే నేషనల్ పార్కు రుసుము మాత్రం ఎక్కడున్నా ఒకటే. 2024 ఆగస్టులో దాన్ని మనలాంటి విదేశీ పెద్దలకు 100 డాలర్ల నుంచి 200 చేశారు.

ఓడలో కలిసొచ్చేది రాత్రి. మనం నిద్రపోతుంటే అది నడుస్తుంది. ఒకరోజు లేచి చూస్తే ఎదురుగా శాంటియాగో దీవి, సలివాన్ బే. టిఫిన్ కాగానే రబ్బరు పడవలో దింపారు. కనుచూపు మేరా నల్లటి లావా. అది పారి వందేళ్లు దాటినా నిన్ననే గడ్డకట్టినట్టుంది. వంగి చూస్తే కొత్తపట్నం ఒడ్డున చుట్టబెట్టిన వలతాళ్లలా మెలికలు, మెలికల మీద మెలికలు. పైపొర గట్టిపడుతుంటే కింద లావా ఇంకా పారుతూ నెట్టడం వల్ల అలా ముడతలు పడుతుందని గైడ్ చెప్పాడు. ఒక పగులులో వేలెడంత కాక్టస్ మొక్క. మట్టి అనేదే లేని చోట అది ఎలా నిలబడిందా అని చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఎవరూ తొందర పెట్టలేదు.

సాయంత్రం పక్కనే ఉన్న బార్తొలొమే దీవి ఎక్కాం. ఎత్తు 114 మీటర్లే, చెక్కమెట్లు ఉన్నాయి. ఊరి నుంచి వచ్చే బోట్లు అప్పటికి వెళ్లిపోయాయి. కింద నీళ్లలో ఈదుతుంటే ఒక పెంగ్విన్ నా భుజం పక్కనుంచి దూసుకుపోయింది.

ఊళ్లో ఉంటే ఇదే బార్తొలొమేకి బస్సు, తర్వాత రెండు గంటల బోటు. దిగేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది, గుంపులు కూడా ఎక్కువ. నార్త్ సేమూర్ దీవికి మేము ఊరి నుంచే వెళ్లాం. స్పీడుబోటు కుదుపులకి మా అమ్మ దారంతా వాంతులే. అయినా అక్కడ చూసింది మరిచిపోలేను. నీలిపాదాల బూబీ పక్షి దారి మధ్యలో కూర్చొని కదలనే లేదు, మేమే రెండు మీటర్లు తప్పుకొని పోయాం. పులికాట్‌లో ఫ్లెమింగోలను దూరం నుంచి ఒక గులాబీ గీతలా చూసే మనకి అది నమ్మశక్యం కాదు.

అలాగని ఊరిని తీసిపారేయలేను. చేపల మార్కెట్లో ఆడవాళ్లు చేప కోస్తుంటే బల్ల కింద సీలయన్ (సముద్ర సింహం), పక్కన పెలికాన్లు వంతు కోసం కాచుకొని ఉంటాయి. రేవు దగ్గర సముద్రపు ఇగ్వానాలు, అంటే పెద్ద బల్లుల్లాంటివి, ముక్కులోంచి ఉప్పునీళ్లు చిమ్ముతాయి. అది తలమీదే ఆరిపోయి, ఇస్కపల్లి ఉప్పుమడి గట్టున పేరుకున్న తెల్లపొరలా కనిపిస్తుంది. ఇదంతా టికెట్ లేకుండా, మన ఇష్టమొచ్చినంత సేపు చూడొచ్చు. పెద్ద తాబేళ్లు కూడా కొండవైపు పొలాల్లోనే తిరుగుతుంటాయి.

అందుకే అక్కా, నువ్వూ బావా ఇద్దరే అయితే ఓడే ఎక్కండి. ఈ దీవులు పుట్టిందే నిప్పులోంచి. ఆ రాతి మీద పొద్దునా సాయంత్రమూ తీరిగ్గా నడిచే వీలు ఓడలోనే ఉంది. మీ అత్తగారిని కూడా తీసుకెళ్లేట్టయితే ఊళ్లోనే ఉండండి. రబ్బరు పడవలోంచి మోకాలి లోతు నీళ్లలోకి దిగడం ఆమెకి కష్టం.

ఓడ బుక్ చేసే ముందు ఏయే దీవులకు వెళ్తుందో అడుగు. ఒకే చోటికి ఒక ఓడ రెండు వారాల్లోపు మళ్లీ రాకూడదని నియమం, అందుకే వారం వారం దారి మారుతుంది. ఇప్పటికీ అప్పుడప్పుడూ బద్దలయ్యే అగ్నిపర్వతం ఉన్న ఫెర్నాండినా దీవి చూడాలనుంటే పడమటి దారి తీసుకో. గది కింది అంతస్తులో, ఓడ మధ్యలో అడుగు, ఊపు తక్కువ. జులై నుంచి నవంబరు దాకా సముద్రంలో అలల ఊపు ఎక్కువగా ఉంటుంది, మీరు మార్చిలో వెళ్లండి.