లాగి పట్టిన తాడుకి ఏ ముడి మేలు?

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే విశాఖలో మేడల మీద బరకాలు కట్టే పని మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది ఇక్కడే. అలాంటి తుఫాను వస్తుందంటే బరకాన్ని ముందే విప్పి లోపల పెట్టుకోవాలి, ముడి మీద ఆశ పెట్టుకోకూడదు. నేను చెప్పేది మామూలు సముద్రపు గాలి సంగతి.

తొందరలో చేతికొచ్చేది క్లోవ్ హిచ్. పైపుకి ఒక చుట్టు, దాన్ని దాటుతూ ఇంకో చుట్టు, ఆ రెండో చుట్టు కిందనుంచి కొస లాగడం. లాగుడు ఒకే తీరున ఉన్నంతసేపు బాగానే పట్టుకుంటుంది. గాలికి తాడు బిగుస్తూ వదులవుతూ ఉంటే మాత్రం కొంచెం కొంచెంగా జారుతుంది. నున్నటి స్టీలు రెయిలింగుకి ప్లాస్టిక్ తాడు కట్టారా, ఇంకా త్వరగా జారుతుంది. ఒంటరిగా దీన్ని నమ్మొద్దు.

నేను గట్టిగా చెప్పేది రెండు చుట్లు, రెండు సగం ముళ్ల గురించి. తాడుని లాగి పైపు చుట్టూ రెండుసార్లు తిప్పగానే బరువులో చాలా భాగం రాపిడి మీద పడుతుంది. కొసని ఒక చేత్తో పట్టుకుంటే చాలు, టెన్షన్ పోదు. ఇక తాపీగా ఆ కొసని బిగుసుకున్న తాడు చుట్టూ తిప్పి, ఆ చుట్టులోంచే లాగితే ఒక సగం ముడి, దాని పక్కనే అదే దిశలో రెండోది. రెండోది ఎదురు దిశలో వేస్తే పట్టు తగ్గుతుంది, అది చూసుకోండి. జారే తాడైతే మూడోది కూడా వేసి, కొస జానెడు వదలండి. ఇంకో మేలు, తాడు బిగువుగా ఉండగానే దీన్ని విప్పొచ్చు.

చేత్తో లాగితే బిగువు చాలకపోతే ట్రక్కర్స్ హిచ్. తాడు మధ్యలో ఉచ్చు వేసి, కొసని కింది కొక్కేనికి తిప్పి, ఉచ్చులోంచి తీసి కిందికి లాగుతారు. లెక్క ప్రకారం మూడింతల బలం రావాలి, రాపిడి వల్ల అంత రాదు. లారీ సరుకుకి దీన్ని మించింది లేదు. బరకానికైతే అతిగా లాగితే రింగులే ఊడొస్తాయి. పైగా ఇది బిగించే ఉపాయమే. లాగాక ఉచ్చు దగ్గర వేళ్లతో నొక్కి పట్టి, ఆ సగం ముళ్లు రెండూ వేయాల్సిందే.

పైపు పొడవునా లాగుడు పడే చోట వీటి బదులు రోలింగ్ హిచ్ వేయాలి. అంటే క్లోవ్ హిచ్‌లో లాగుడు పడే వైపు ఒక చుట్టు అదనం.

నైలాన్ తాడు సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. మొదటి వాన పడ్డాక మేడెక్కి మళ్లీ బిగించండి.