2018 నుంచి నేను వాడుతున్న పర్సన్ మంత్ టేబుల్

నెదర్లాండ్స్‌లో ఒక యూనివర్సిటీ రీసెర్చ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ప్రొఫెసర్లు యూరోపియన్ గ్రాంట్లకు అప్లై చేసేటప్పుడు ప్రాజెక్టుని వర్క్ ప్యాకేజీలుగా, అంటే పని భాగాలుగా, విడదీయడం, బడ్జెట్ వేయడం నా పని. 2018లో, యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధుల పథకం హొరైజన్ 2020 నడుస్తున్న రోజుల్లో, ఒక స్ప్రెడ్‌షీట్ తయారుచేసుకున్నాను. దాని తర్వాతి పథకం హొరైజన్ యూరప్ వచ్చాక కూడా దాన్నే వాడుతున్నాను. ఇక్కడ పోస్ట్‌డాక్‌లుగా (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసేవాళ్ళుగా) ఉన్న మనవాళ్ళు మొదటిసారి ప్రపోజల్ బాధ్యత మీద పడగానే టెన్షన్‌తో ఫోన్ చేస్తుంటారు. వాళ్ళకి ఇచ్చే షీట్ ఇదే కాబట్టి, ఇది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో వివరంగా రాస్తున్నాను.

అడ్డవరుసల్లో మనుషులు ఉంటారు. సంస్థలు కాదు, మనుషులే: ఫలానా పార్ట్‌నర్ (ప్రాజెక్టులో కలిసి పనిచేసే సంస్థ) దగ్గరి పోస్ట్‌డాక్, ఫలానా చోట టెక్నీషియన్, కోఆర్డినేటర్ ప్రొఫెసర్. నిలువు వరుసల్లో వర్క్ ప్యాకేజీలు, ఒక్కోదాని కింద సంవత్సరాలు. గడిలో పర్సన్ మంతులు, అంటే ఆ మనిషి ఆ ఏడాది ఆ పనికి ఎన్ని నెలలు పెడతాడో ఆ అంకె. డబ్బు ఈ షీట్‌లో ఎక్కడా కనిపించదు. అది రెండో షీట్.

ఇలా విడగొట్టడానికి కారణం ఉంది. చాలా మీటింగులు డబ్బుతోనే మొదలవుతాయి. ‘కాల్‌లో (గ్రాంట్ ప్రకటనలో) 40 లక్షల యూరోలు ఇస్తున్నారు, మనం ఎనిమిది మందిమి, తలా 5 లక్షలు’ అనుకుంటారు. తర్వాత ఆ 5 లక్షలకు సరిపడా పని వెతుక్కుంటారు. ప్రపోజల్ చదివేవాళ్ళకు ఇది ఇట్టే తెలిసిపోతుంది. ఒకచోట రెండు టాస్కులకు 30 పర్సన్ మంతులు, ఇంకోచోట ఆరు టాస్కులకు 9. మార్కులు మూడు విభాగాలకు, ఒక్కోదానికి 5. మామూలుగా ఒక్కో విభాగంలో కనీసం 3, మొత్తం మీద 10 రావాలి. సైన్స్ ఎంత బాగున్నా, అమలు విభాగంలో ఇలాంటి లెక్క మార్కులు తినేస్తుంది. అందుకే ముందు నెలలు, తర్వాతే యూరోలు అని పట్టుబడతాను.

ఈ టేబుల్ మీద నాకు గురి కుదిరింది ఒక రాత్రి. అప్లికేషన్ గడువుకి నాలుగు రోజులుంది. అన్ని వర్క్ ప్యాకేజీల లీడర్లూ తమ అంకెలు పంపారు, దేనికది చూస్తే చక్కగా ఉంది. షీట్‌లో వేయగానే ఒక వరుస చివర గడి ఎర్రబడింది. ఒక డేటా సైంటిస్ట్‌ని మూడు ప్యాకేజీల వాళ్ళూ ఎవరికి వాళ్ళు వాడేసుకున్నారు. ప్రాజెక్టు రెండో ఏడాదిలో ఆమెకు 17 నెలల పని పడింది. ఏడాదికి ఉన్నవే 12. గుండె జారిపోయింది. ఆ రాత్రే ముగ్గురితో మాట్లాడి ఒక టాస్క్‌ని మూడో ఏడాదికి జరిపాం, దాని మీద ఆధారపడిన డెలివరబుల్ (అప్పజెప్పాల్సిన రిపోర్టు లాంటిది) గడువు కూడా మార్చాం. పార్ట్‌నర్ల వారీగా మొత్తాలు మాత్రమే చూసుకునే పట్టికలో ఇది ఎప్పటికీ బయటపడేది కాదు.

ఇక రెండో షీట్. ఒక పోస్ట్‌డాక్‌కి యూనివర్సిటీ పెట్టే ఖర్చు నెలకు 6,200 యూరోలు అనుకుందాం. 24 నెలలకు 1,48,800. ప్రయాణాలు 9,000, ల్యాబ్ సామాను 12,200 కలిపితే 1,70,000. దీనిపైన ఓవర్‌హెడ్, అంటే ఆఫీసు, కరెంటు లాంటి పరోక్ష ఖర్చులు, 25 శాతం, అంటే 42,500. మొత్తం 2,12,500. బయటివాళ్ళకు ఇచ్చే సబ్‌కాంట్రాక్టు 20,000 ఉంటే అది ఓవర్‌హెడ్ వేశాక కలపాలి, ముందు కాదు. కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. జీతాల పెంపు కూడా మర్చిపోతారు. గడువు దాటాక గ్రాంట్ ఒప్పందం మీద సంతకాలకే మామూలుగా ఎనిమిది నెలలు పడుతుంది. నాలుగేళ్ళ ప్రాజెక్టులో చివరి జీతం ఇచ్చేసరికి మనం బడ్జెట్ వేసి దగ్గరదగ్గర ఐదేళ్ళు. ఏటా 3 శాతం పెరిగినా 6,200 కాస్తా నాలుగేళ్ళకు దాదాపు 6,980 అవుతుంది. అందుకే నా షీట్‌లో ప్రతి ఏడాదికీ వేరే రేటు ఉంటుంది.

లంప్ సమ్ గ్రాంట్లు (ముందే ఖరారైన మొత్తం ఇచ్చేవి) వచ్చాక ఈ టేబుల్ విలువ నాకు రెట్టింపయింది. వాటిలో తర్వాత బిల్లులు, అసలు ఖర్చుల లెక్కలు చూపించాల్సిన పని లేదు. ప్రతి వర్క్ ప్యాకేజీకీ ప్రతి పార్ట్‌నర్‌కీ ఎంత అన్నది ముందే ఖరారు చేస్తారు. రిపోర్టింగ్ కాలం ముగిసేనాటికి ప్యాకేజీలోని పనులు పూర్తయితే దాని వాటా ఇస్తారు. ప్రయోగం అనుకున్న ఫలితం ఇవ్వకపోయినా ఫర్వాలేదు, చేస్తామన్న పని చేసి ఉండాలి. మరి మేనేజ్‌మెంట్ లాంటి ప్యాకేజీని 48 నెలల పొడవునా ఒకటే అని రాస్తే? చివరి దాకా అది పూర్తికాదు, దాని డబ్బు ఆగిపోతుంది. నేను దాన్ని 1 నుంచి 18, 19 నుంచి 36, 37 నుంచి 48 నెలలుగా మూడు ప్యాకేజీలు చేస్తాను. కింద సంవత్సరాలు ఉండడంతో, ఇలా సాగిపోయిన ప్యాకేజీ షీట్ తెరవగానే కంటపడుతుంది.

పీహెచ్‌డీ చేసేవాళ్ళకు నిధులిచ్చే మరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులకు మాత్రం ఈ షీట్ అక్కర్లేదు. అక్కడ నెలకు ఇంత అని ముందే నిర్ణయించిన యూనిట్ రేట్లుంటాయి. (2023-24లో జీవన భత్యం 3,400 యూరోలు, దేశాన్ని బట్టి హెచ్చుతగ్గులు. అందులోంచే యజమాని కట్టాల్సినవి కూడా పోతాయి కాబట్టి, అది చేతికొచ్చే జీతం అనుకుని అప్పులు చేయొద్దని ఇంటి దగ్గరి పిల్లలకు చెబుతుంటాను.)

లోపాలు ఉన్నాయి. ఏ పని తర్వాత ఏ పని అన్నది ఈ టేబుల్ చూపించదు, దానికి గాంట్ చార్ట్ (పనుల వరుసను కాలం మీద చూపే పట్టిక) విడిగా గీయాల్సిందే. షేర్డ్ షీట్ కావడంతో ఒకసారి ఒక పార్ట్‌నర్ ఒక్క కాలమ్‌నే సార్ట్ చేశారు. పేర్లు ఒకచోట, నెలలు ఇంకోచోట పడ్డాయి. పాత వెర్షన్ తెచ్చుకోవడానికి సగం రోజు పట్టింది. అప్పటినుంచి అంకెల గడులు తప్ప మిగతావన్నీ లాక్ చేస్తున్నాను.

హైదరాబాద్ నుంచి ఒక ప్రొఫెసర్ గారు కన్సార్షియంలో (ప్రాజెక్టు పార్ట్‌నర్ల బృందంలో) చేరినప్పుడు షీట్ చూసి, "మా వరుసలో అన్నీ సున్నాలే ఉన్నాయేంటమ్మా?" అని అడిగారు. బాధ అనిపించింది. హొరైజన్ యూరప్‌లో భారతీయ సంస్థలకు డబ్బు దానంతటదే రాదు. అసోసియేటెడ్ పార్ట్‌నర్‌గా చేరి, ఖర్చు వేరేచోట నుంచి తెచ్చుకోవాలి. "ఆ సున్నాలు యూరోల షీట్‌లోవి సార్, నెలల షీట్ చూడండి" అన్నాను. అక్కడ ఆయన బృందానికి 14 పర్సన్ మంతులు ఉన్నాయి, చేసే టాస్కులతో సహా. నిధులకోసం ఇక్కడ ఇండియాలో దరఖాస్తు పెట్టుకుంటాను, ఆ పేజీ పంపమ్మా అన్నారు. ఆ ఒక్క పేజీ విడిగా ప్రింట్ తీసుకునే వీలు ఆరోజే షీట్‌లో పెట్టాను.

గడువు మామూలుగా బ్రస్సెల్స్ సమయం సాయంత్రం 5 గంటలు. నేను రెండు రోజుల ముందే షీట్ మూసేస్తాను. ఆ తర్వాత ఒక్క నెల మార్చాలన్నా నాకు ఫోన్ చేయాలి, దానితోపాటు ఏ టాస్క్ మారుతుందో చెప్పాలి.