వెనిస్ దగ్గరే ఆగిపోకండి, ట్రియెస్టే దాకా వెళ్ళండి

వెనిస్‌లో రైలెక్కితే సుమారు రెండు గంటల ప్రయాణం. ఇటలీ ఈశాన్య కొసన, స్లోవేనియా సరిహద్దును ఆనుకుని ఉన్న రేవు పట్టణం ట్రియెస్టే. వెళ్ళేవాళ్ళే తక్కువ, వెళ్ళినా ఒక పూటలో తిరిగి వచ్చేస్తారు. అమ్మతో కలిసి మేము జూన్‌లో మూడు రాత్రులు ఉన్నాం. అవీ చాలలేదు.

మొదట బస సంగతి. సముద్రం కనిపిస్తుందని కొండవాలు మీద గది తీసుకున్నాం. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మ మోకాళ్ళు మొదటి రాత్రే మొరాయించాయి. మర్నాడే బోర్గో తెరెజియానో పేటకు మారాం. అంతా చదును నేల. రైల్వే స్టేషను, బస్సులు, కూరగాయల కొట్లు దగ్గరే. పెద్దవాళ్ళు వెంట ఉంటే అక్కడే దిగండి.

1719లో ఆస్ట్రియాను ఏలిన ఆరో చార్లెస్ చక్రవర్తి ట్రియెస్టేను సుంకాలు లేని రేవుగా ప్రకటించాడు. ఆస్ట్రియా సామ్రాజ్యానికి ప్రధాన సముద్ర ద్వారం ఇదే కావడంతో నానాజాతుల వర్తకులూ వచ్చి స్థిరపడ్డారు. సెర్బియన్ల చర్చి, యూదుల ప్రార్థనా మందిరం కాలినడకలోనే చూడవచ్చు. పట్టణం నడిబొడ్డు కూడలి పియాజ్జా ఉనితాకు మూడు వైపులా భవనాలు, నాలుగో వైపు సముద్రం. దగ్గరలోనే నీళ్ళలోకి రెండు వందల మీటర్లకు పైగా చొచ్చుకుపోయిన రాతికట్ట మోలో ఔదాచే. సూర్యాస్తమయానికి అక్కడ ఉండండి. అంచున గోడ లేదు, పిల్లల చెయ్యి వదలకండి.

మిరామారే కోటలో గదులకు టికెట్ ఉంది, తోట ఉచితం. ఆస్ట్రియా చక్రవర్తి తమ్ముడు మాక్సిమిలియన్ కట్టించుకున్న కోట ఇది. 1864లో మెక్సికో చక్రవర్తిగా ఇక్కడి నుంచి వెళ్ళాడు, 1867లో అక్కడ తుపాకులకు బలయ్యాడు. సమయం లేకపోతే తోట చాలు.

కాఫీకి ఇక్కడ వేరే పేర్లున్నాయి. 'కాపో ఇన్ బి' అంటే చిన్న గాజు గ్లాసులో నురుగు పాలు కలిపిన కాఫీ. ఫిల్టర్ కాఫీ తప్ప ఒప్పుకోని అమ్మ రెండోది అడిగింది. ఇక్కడి చిక్కుడుగింజల సూపు 'యోతా'లో తరచూ పంది మాంసం వేస్తారు. శాకాహారులు అడిగి తినాలి.

ఇక అన్నిటికన్నా నాకు నచ్చింది ఎల్ పెడోచిన్ అనే స్నానాల తీరం. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య తెల్లటి ఎత్తైన గోడ. 1903 నుంచీ ఉంది. టికెట్ దాదాపు ఒక యూరో. అడుగున గులకరాళ్ళు, చెప్పులు ఉండాలి. విశాఖ బీచ్‌లో పాదాలు తడుపుకుని వెనక్కి వచ్చేసే అమ్మ, ఇక్కడ సల్వార్ కమీజ్‌తోనే నడుము లోతు దాకా దిగింది. ఆమె వయసు వాళ్ళే ఎందరో ఒడ్డున పేకాడుకుంటున్నారు, ఎండకు వీపు పెట్టి కబుర్లు చెప్పుకుంటున్నారు. భాష రాకపోయినా ఒకావిడ అమ్మ చెయ్యి పట్టుకుని ఇంకాస్త లోపలికి నడిపించింది. గోడ అవతల నుంచి మావారు రెండుసార్లు పిలిచినా అమ్మ బయటికి రాలేదు.

మర్నాడు మా రైలు మధ్యాహ్నం. పొద్దున ఏడున్నరకే అమ్మ తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.