తొమ్మిది నవంబర్ల తర్వాత: మందు దట్టించే తుపాకీతో మ్యూల్ డీర్ వేట

2016లో ఈ తుపాకీ ఫొటో పంపితే నాన్న ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "ఇది మన నాటు తుపాకీయే కదరా?" అని. అవును, అదే. మన పేపర్లు భర్మార్ అని రాసేదానికి అమెరికా చుట్టం. గొట్టం మూతిలోంచి మందు పోయాలి, గుండు పెట్టాలి, కడ్డీతో దట్టించాలి, చిన్న రాగి క్యాప్ తొడగాలి, ఒక్కసారి పేల్చాలి. మళ్ళీ మొదటి నుంచి మొదలు. నాన్న రెండో ప్రశ్న, "దుప్పిని కొడితే జైలు కాదట్రా?" అని. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జైలే. ఇక్కడ అమెరికాలోని ఐడహోలో రాష్ట్రమే మందల లెక్క చూసుకుని ట్యాగులు (వేట అనుమతి చీటీలు) అమ్ముతుంది. ఆ తేడా ఆయనకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

నాది .50 క్యాలిబర్ సైడ్‌లాక్ రైఫిల్. పక్కన సుత్తి, దాని కింద నిపుల్ (క్యాప్ తొడిగే చోటు), చూపుకి పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది). దుర్భిణి లేదు. తొమ్మిదేళ్ళలో నవంబర్ చివరి వేటకి ట్యాగు లాటరీ నాలుగుసార్లు తగిలింది. కొట్టింది రెండు పోతులను, అంటే మగ జింకలను. ఈ అంకె ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇంటర్నెట్‌లో అందరికీ ప్రతి ఏడాదీ పెద్ద కొమ్ముల పోతే దొరుకుతుంది.

అసలు దీన్నే ఎందుకు కొన్నానంటే, అప్పట్లో నేను హెచ్-1బి మీద ఉన్నాను. ఆ వీసా వాళ్ళ దగ్గర మామూలు తుపాకీ ఉండటం ఫెడరల్ చట్టంలో నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు దొరుకుతుంది. బ్లాక్ పౌడర్‌తో (పాతకాలపు తుపాకీ మందుతో) మాత్రమే పేలే మజిల్‌లోడర్‌నైతే (ఇలా మూతిలోంచి దట్టించే తుపాకీనైతే) ఆ చట్టం సాధారణంగా తుపాకీ లెక్కలోకే తీసుకోదు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి కాబట్టి నా మాట నమ్మి కొనేయకండి, మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక్క మాట అడగండి. 1975 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు ఐడహోలో లైసెన్స్ తీసుకోవాలంటే హంటర్ ఎడ్యుకేషన్ పాస్ కావాలి. పదేళ్ళ పిల్లల మధ్య కూర్చుని పరీక్ష రాశాను. వాళ్ళకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

కొనేటప్పుడు ఒక దెబ్బ తిన్నాను. ముందు ఒక దుకాణంలో, మజిల్‌లోడరే కదా అని, 209 ప్రైమర్‌తో (షాట్‌గన్ తూటాల్లో ఉండే క్యాప్‌తో) పేలే కొత్తరకం ఇన్‌లైన్ (నిప్పు వెనకనుంచి నేరుగా అందేది) అంటగట్టారు. బిళ్ళల్లాంటి మందు, ప్లాస్టిక్ తొడుగు వేసిన గుండు కూడా దాంతోపాటే. ఇంటికొచ్చి రూల్స్ పుస్తకం తెరిస్తే, ఐడహోలో మజిల్‌లోడర్లకు మాత్రమే కేటాయించిన సీజన్‌లో అవేవీ చెల్లవు. 209 ప్రైమర్ కుదరదు, బిళ్ళల మందు కుదరదు, ప్లాస్టిక్ తొడుగు గుండు కుదరదు, దుర్భిణి కుదరదు. పొడి మందే పోయాలి, సుత్తి ఎత్తి ఉన్నప్పుడు క్యాప్ కొంతైనా బయటికి కనబడాలి. పక్క రాష్ట్రాల్లో పద్ధతి వేరు. ఆ ఇన్‌లైన్‌ని నష్టానికి అమ్మి ఈ సైడ్‌లాక్ తీసుకున్నాను. అంచేత ముందు రూల్స్ చదవండి, తర్వాతే దుకాణానికి వెళ్ళండి.

ఇక ప్లానింగ్. మే 1 నుంచి జూన్ 5 లోపు లాటరీకి దరఖాస్తు పెట్టాలి. ఐడహోలో పాయింట్ల గొడవ లేదు. ఇరవయ్యేళ్ళుగా అడుగుతున్న ముసలాయనకీ, మొన్న వచ్చినవాడికీ అవకాశం ఒకటే. నాకీ పద్ధతి నచ్చింది. ఏ యూనిట్‌కి (వేట ప్రాంతానికి) పెడతానో మాత్రం చెప్పను, అడగొద్దు. రాజధాని బోయిసీ నుంచి 21వ నంబర్ హైవే మీద పైకి వెళ్తే వచ్చే కొండలు అనుకోండి, చాలు.

ఆ కొండల్లో తిరిగేది మ్యూల్ డీర్ అనే జింక. చెవులు కంచరగాడిద చెవుల్లా పెద్దవి, అందుకే ఆ పేరు. ఎండాకాలం పై కొండల్లో మేస్తాయి. మంచు పడ్డాక ఒక్కో మెట్టూ దిగి, లక్కీ పీక్ జలాశయం చుట్టూ ఉన్న సేజ్‌బ్రష్, బిట్టర్‌బ్రష్ పొదల్లోకి చలికాలం గడపడానికి వస్తాయి. ఎంత మంది దిగుతారంటే (మంది అనే అంటాను, వాటిని చూశాక అలాగే అనిపిస్తుంది) హైవే దాటడానికి 2010లో వాటి కోసం రోడ్డు కిందుగా ప్రత్యేకంగా దారి కట్టారు.

మొదటి రెండు వేటల్లో నేను చేసిన తప్పు, క్యాలెండర్ చూసి వెళ్ళడం. నవంబర్ మూడో వారం జతకట్టే రోజులు, పోతులు ఒళ్ళు మరిచి తిరుగుతాయి అని అందరూ చెప్తారు. నిజమే. పగటి వెలుగు తగ్గేకొద్దీ వాటి ఒంట్లో ఆ గడియారం మోగుతుంది, వాతావరణం ఎలా ఉన్నా మోగుతుంది. కిందికి దిగమని చెప్పేది మాత్రం మంచు. మంచు పడని ఏడాది ఆ జత కట్టేదేదో పైనే కట్టేస్తాయి. నేను కింద ఖాళీ లోయలో ఆరు రోజులు కూర్చుని ఉప్మా తిన్నాను.

అప్పటినుంచి నా ప్లాన్ ఒక మంచు మీటర్ చుట్టూ తిరుగుతుంది. 6,100 అడుగుల ఎత్తున, మోర్స్ క్రీక్ సమ్మిట్ దగ్గర ప్రభుత్వానిదే మంచు కొలిచే స్నోటెల్ కేంద్రం ఒకటి ఉంది. నేల మీద పరిచిన దిండులాంటి పరికరం మంచు బరువు తూచి, ఆ లెక్క ఆన్‌లైన్‌లో పెడుతుంది. అక్టోబర్ చివరి నుంచి రోజూ పొద్దున కాఫీతో పాటు అది చూస్తాను. మంచు ఒక్కసారిగా పెరిగి, ఆపైన చలి పట్టి కరక్కుండా నిలబడిందా, రెండు మూడు రోజులు ఆగి బయల్దేరతాను. ఆగడం ఎందుకంటే ముందు దిగేవి ఆడవి, పిల్లలు. ముదురు పోతులు ఆఖరి బ్యాచ్. ఆఫీసులో సెలవు తేదీ మార్చమని మేనేజర్‌ని అడగడం వేటకంటే పెద్ద టెన్షన్, ఆయన మాంసం తిననివాడు కూడాను.

రెండో పాఠం దూరం. పీప్ సైట్‌తో, చలికి వణికే చేతులతో నా హద్దు 80 గజాలు. మొదట్లో గుడ్డ చుట్టిన గుండ్రటి సీసపు గుండు వాడాను. 50 గజాలకి సరిచూసుకుంటే 100 గజాల దగ్గర నాలుగైదు అంగుళాలు కిందికి పోయేది, బలమూ చప్పబడేది. తర్వాత 370 గ్రెయిన్ల (దాదాపు 24 గ్రాముల) కోను గుండుకి మారాను. దెబ్బ గట్టిగా తగులుతుంది, భుజానికి కూడా. దూరం మాత్రం పెద్దగా పెరగలేదు, పెరగనివ్వలేదు. ఇలాంటి తుపాకీ పట్టుకున్నవాడు జింక ఎక్కడుందో వెతికి లాభం లేదు, 80 గజాల్లోంచి అది ఎక్కడ నడవక తప్పదో వెతకాలి. రెండు గట్ల మధ్య పల్లం, కంచె ఒరిగిన చోటు, వాగు ఇరుకయ్యే చోటు. వేసవిలోనే పిల్లల్ని తీసుకుని షికారుకి వెళ్ళినట్టు వెళ్ళి ఇలాంటివి ఓ పది ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టుకుంటాను. అందులో ఎనిమిది చలికాలంలో పనికిరావు.

కోను గుండుతో ఒక ప్రమాదం ఉంది, ఇది ఎవరూ గట్టిగా చెప్పరు. గుడ్డ లేదు కాబట్టి అది గొట్టంలో వదులుగా ఉంటుంది. మూతి కిందికి పెట్టి భుజానికి తగిలించుకుని మూడు మైళ్ళు నడిచాను. ఎందుకో అనుమానం వచ్చి కడ్డీ దింపి చూస్తే, గుండు మందు మీంచి జారి రెండు అంగుళాలు ముందుకొచ్చింది. అలా పేల్చి ఉంటే గొట్టం చీలిపోయే ప్రమాదం ఉంది. ఇప్పుడు నిండుగా దట్టించాక కడ్డీ మీద గీత పెట్టుకున్నాను. గంటకోసారి క్యాప్ తీసి గీత చూస్తాను. దాంతోపాటు మూతి పైకి పెట్టే మోస్తాను, మూతికి ఎలక్ట్రిక్ టేపు ముక్క అంటిస్తాను. మంచు లోపల పడదు. టేపుతోనే పేల్చేయొచ్చు, గుండు కంటే ముందు గాలే దాన్ని ఊడగొడుతుంది.

మొదటి వేటలో నిజంగా ఒక పోతు 40 గజాల్లో నిలబడింది. సుత్తి పడింది, క్యాప్ పేలింది, తుపాకీ పేలలేదు. దీపావళి తుపాకీలో రీలు పేలినట్టు టప్‌మంది, అంతే. పోతు నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది కాబట్టి మూతి కదల్చకుండా నిమిషం పైనే అలా నిలబడ్డాను, అది తీరిగ్గా వెళ్ళిపోయింది. తప్పు నాదే. నిల్వ ఉంచేటప్పుడు పూసిన నూనె నిపుల్ రంధ్రంలోకి దిగింది. ఇప్పుడు మందు పోయకముందే ఊరికే రెండు క్యాపులు పేలుస్తాను. మూతి ముందు గడ్డిపరక కదిలితే దారి బాగున్నట్టు.

ఇంకోటి, రాత్రి తుపాకీని వెచ్చని గదిలోకి తేవద్దు. చలిలోంచి వేడిలోకి వస్తే లోపల చెమ్మ పడుతుంది, బ్లాక్ పౌడర్‌కి అదే శత్రువు. క్యాప్ తీసేసి చల్లగా ఉన్నచోటే తాళం వేసి ఉంచుతాను.

మందు 80 గ్రెయిన్లు, కొలతతో, తూకంతో కాదు. ఇది నా తుపాకీ లెక్క, మీదానికి దాంతో వచ్చిన పుస్తకం చూసుకోండి. పొగలేని మందు (ఈనాటి తూటాల్లో వాడేది) మాత్రం చెంచాడు కూడా పోయొద్దు, గొట్టం పేలుతుంది.

2022లో కొట్టిన పోతు గురించి చెప్పాలి. మంచు ఆగిన మూడో రోజు. పల్లం పక్కన జూనిపర్ చెట్టు కింద చీకటి ఉండగానే కూర్చున్నాను. ఎనిమిదింటికి ఐదు ఆడవి వచ్చాయి. పాత అలవాటైతే వాటి వెనక కొండంతా కళ్ళతో గాలించేవాణ్ణి. ఈసారి ఊరికే వాటినే చూస్తూ కూర్చున్నాను. చివరిది ఆగి వెనక్కి తిరిగి చెవులు తిప్పింది. పావుగంట తర్వాత అవే అడుగుల్లో, ముక్కు నేలకి ఆనించి, కుక్కలా వాసన పట్టుకుంటూ వచ్చింది పోతు. 60 గజాలు. పేల్చగానే ముందంతా తెల్లటి పొగ, గంధకం వాసన, దీపావళి మర్నాడు మా వీధిలాగా. పొగలో ఏమీ కనబడదు. మోకాళ్ళ మీద కూర్చుని పొగ కిందనుంచి చూడాలి. చూశాను, అది గట్టు దాటుతోంది. పరిగెత్తాలనిపించినా కూర్చునే మళ్ళీ దట్టించాను. అరగంట ఆగి మంచు మీద నెత్తురు పట్టుకుని వెళ్తే 90 అడుగుల్లో పడి ఉంది. మోసుకురావడం మాట అడక్కండి, నాలుగు ట్రిప్పులు.

పేల్చిన రోజే కడగాలి. మందు మసి గాలిలో తేమ పీల్చి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. వేడినీళ్ళు, గిన్నెల సబ్బు, అంతే చాలు. వంటింటి సింకులో మాత్రం వద్దు. కుళ్ళిన గుడ్డు వాసన రెండు రోజులు పోలేదు, మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి చెప్తుంది. మామూలు మెషిన్ గ్రీజు బ్లాక్ పౌడర్‌తో కలిస్తే తారులా గడ్డ కడుతుంది. నేను తేనెమైనం, ఇండియన్ స్టోర్ ఆముదం కలిపి కాచుకుంటాను. బాగా చలిలో మైనం ఎక్కువైతే బిగుసుకుంటుంది, కాబట్టి మైనం తక్కువే వేయండి.

తొమ్మిదేళ్ళలో తుపాకీ సంగతి: ఒక నిపుల్ అరిగిపోతే మార్చాను, కడ్డీ ఒకటి విరిగింది (చెక్కది వద్దు, ఫైబర్‌ది కొనండి), ట్రిగ్గర్ ఇంకా బరువే. వారాంతం రెండు రోజులే దొరికేవాళ్ళకి దీన్ని కొనమని చెప్పను, మంచు శనివారం చూసి పడదు. మాంసం బాగుంటుంది, జతకట్టే రోజుల పోతు కాస్త వాసన వస్తుందంటారు గానీ వెంటనే చల్లార్చి, కొవ్వు తీసేస్తే గోంగూరలో ఎవరూ పట్టుకోలేరు. మా ఊళ్ళో వేటమాంసం అంటే మేకే. ఇది వేటాడిన వేటమాంసం అని చెప్తే నాన్న నవ్వి, పోయినసారి వచ్చినప్పుడు రెండో వడ్డన అడిగారు.