మెటాడోరా, కోంబీయా, ట్రావెలరా: చక్రాల ఇంటికి ఏ పాత బండి మేలు?

బండిలో ఇల్లు కడదామనుకునేవాళ్లు ముందుగా మంచం ఎక్కడ, పొయ్యి ఎక్కడ అని కాగితం మీద గీస్తారు. ఆ ప్లాను ఇంజిన్ ఎప్పుడో గీసేసి ఉంటుంది. ఇంజిన్ ఎక్కడ ఉంది, ఏ చక్రాలను తిప్పుతోంది అన్న రెండు సంగతులు తెలిస్తే నేల ఎత్తు, మంచం కింద వేడి, నీళ్ల ట్యాంకు చోటు మూడూ తేలిపోతాయి. మూడు పాత బండ్లను ఈ లెక్కన చూద్దాం. పరీక్ష పెట్టేందుకు మనకు రెండు దారులున్నాయి: ఒకటి కళింగపట్నం, బారువ తీరాల ఇసుకా ఉప్పుగాలీ, రెండోది సాలూరు దాటాక ఒడిశా వైపు ఎక్కే ఘాట్.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నలభై దాటినవాళ్లకు మెటాడోర్ అంటే ఒక మోడల్ పేరు కాదు, వ్యానుకే మారుపేరు. జర్మనీ వాళ్ల హానోమాగ్ ఎఫ్20 ఆధారంగా బజాజ్ టెంపో దీన్ని 1969 నుంచి 2000 దాకా చేసింది. పేరు మాత్రం ఇంకా పాతది. 1949లో జర్మనీలో వచ్చిన మొదటి టెంపో మెటాడోర్‌లో ఉన్నది ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజినే, కాకపోతే ముందు పెట్టారు. అంటే మన మెటాడోర్, విదేశీ ఫొటోల్లో మురిపించే ఫోక్స్‌వ్యాగన్ వ్యాను కోంబీ దూరపు చుట్టాలు.

మెటాడోర్‌లో ఇంజినూ ముందే, బండిని లాగే చక్రాలూ ముందే. ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకు మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ అనే కడ్డీ ఉండదు కాబట్టి నేల కిందికి దిగుతుంది. ముసలివాళ్లు కూడా ఒక్క అడుగులో ఎక్కేయొచ్చు. ఇదే సూత్రంతో అమెరికాలో జీఎంసీ 1973–78 మధ్య మోటర్‌హోమ్ చేసింది. పొడవు 23 లేదా 26 అడుగులు. మొదట్లో పెట్టింది ఏడున్నర లీటర్ల పెట్రోల్ ఇంజిన్. వెనక పక్కకు రెండేసి చక్రాలు, వాటికి స్ప్రింగు పట్టీల బదులు గాలి బుడగలు. నేల రోడ్డుకు 14 అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. అందం సంగతికొస్తే ఇప్పటికీ దానికి సాటి లేదు. కానీ గాలి బుడగ లీకైతే వెనక భాగం కూలబడుతుంది. పైగా ఆ 26 అడుగుల బండిని విజయనగరం మూడు లాంతర్ల దగ్గర తిప్పడం ఊహించుకోండి. దాన్ని చూసి ముచ్చటపడదాం, సూత్రం మాత్రం తీసుకుందాం.

ఆ సూత్రానికి ఒక శాపం ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. వాన తడి రోడ్డు మీద, వెనక 300 కిలోల సామానుతో సాలూరు ఘాట్ ఎక్కితే ముందు చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. అందుకని మెటాడోర్‌లో బ్యాటరీ, నీళ్ల ట్యాంకు డ్రైవర్ సీటు వెనకే ఉండాలి. మంచం వెనక, దాని కింద బట్టలే. ఇసుకలో ఇరుక్కుంటే టైరు గాలి సగం దాకా తీసి రివర్స్‌లో లాగితే పని అవుతుంది, ఎందుకంటే అప్పుడు బరువు లాగే చక్రాల వైపు వస్తుంది. తారు ఎక్కగానే గాలి నింపాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు సీవీ జాయింట్లు, అంటే ఇంజిన్ బలాన్ని ముందు చక్రాలకు అందించే కీళ్లు. రబ్బరు బూటు చిరిగితే ఇసుక లోపలికి పోయి గ్రీజుతో కలిసి సానరాయిలా అరగదీస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటక శబ్దం వచ్చిందంటే అప్పటికే ఆలస్యం. కొత్త జాయింటు కోసం పాత ఇనుము కొట్లు తిరగాలి.

కోంబీది తిరగేసిన కథ. 1950లో మొదలై బ్రెజిల్‌లో 2013 దాకా తయారైంది. ఇంజిన్ వెనక చక్రాల వెనక, మంచం సరిగ్గా దాని మీద. బరువంతా లాగే చక్రాల మీదే ఉంటుంది కాబట్టి ఎక్కుడులో పట్టుకు లోటు లేదు. ఇందులో బరువైనవి మధ్యలో, ముందువైపు పెట్టాలి. లోపల నిలబడే ఎత్తు లేదు కాబట్టి వెస్ట్‌ఫాలియా వాళ్లు పైకి లేచే టాపు పెట్టారు.

పాత కోంబీలకు రేడియేటర్ లేదు, ఇంజిన్‌ను చల్లబరిచేది గాలే. ఆ ఫ్యానునూ డైనమోనూ తిప్పేది ఒకటే బెల్టు. అది తెగితే డ్యాష్‌బోర్డు మీద ఛార్జింగ్ ఎర్ర దీపం వెలుగుతుంది. ఇంకో కిలోమీటరు పోయి చూద్దాం అనుకుంటే ఇంజిన్ ఉడికిపోతుంది. పాత రకాల్లో ఆయిల్ కూలర్ మూడో సిలిండర్‌కు పోయే గాలికి అడ్డుపడుతుంది, ఆ సిలిండర్ వాల్వే ముందు కాలుతుంది. ఎండిపోయిన పెట్రోలు గొట్టాలు వేడి ఇంజిన్ మీద కారి బండి అంటుకోవడం ఈ జాతికి తెలిసిన ప్రమాదమే. మే నెలలో మన ఎండకు, మంచం కింద ఇలాంటి పొయ్యి ఎవరికి కావాలి?

ట్రావెలర్ కూడా బజాజ్ టెంపోదే, 1987లో మెర్సిడెస్ టీ1 వ్యాను ఆధారంగా వచ్చింది. ఇంజిన్ ముందు, లాగేది వెనక చక్రాలు. షాఫ్ట్ నేల కింద పోతుంది, అందుకే నేల ఎత్తు. విడిగా ఒక మెట్టు కట్టించుకోవాలి. ఇంజిన్ కొంత క్యాబిన్‌లోకి చొచ్చుకొచ్చి డ్రైవర్ కాళ్లకు సెగ తగులుతుంది. ఇవి తప్ప పెద్ద లోపాలు లేవు. పాతవాటిలో ఉన్నది మెర్సిడెస్ ఓఎం616 వంశపు డీజిల్. ట్రాక్స్ జీపుల్లోనూ అదే వంశం, కాబట్టి మెకానిక్‌కు కొత్త కాదు. పొద్దున్నే స్టార్ట్ కాకపోతే హీటర్ ప్లగ్గులు, నల్ల పొగ వస్తే నాజిళ్లు, పంపు చూస్తే సరిపోతుంది. కంప్యూటర్ డబ్బా లేదు. బరువు వెనక ఇరుసుకు కొంచెం ముందు, ట్యాంకు ఒక పక్క, వంటగది ఎదురు పక్క పెట్టండి.

కాబట్టి సరదాకు మెటాడోర్, వాడకానికి ట్రావెలర్. తీరం వదిలి కొండెక్కని వాళ్లకు, సీవీ జాయింట్లు ముందే రెండు సంపాదించుకున్న వాళ్లకు మెటాడోర్ హాయి. మిగతా అందరికీ ట్రావెలరే.

కొనేటప్పుడు పెయింటు కాదు, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి: టాపు అంచు గాడి, ముందు అద్దం కింద, చక్రాల గూళ్లు, పక్క తలుపు జారే పట్టా. మన ఉప్పుగాలికి ముందు పోయేవి ఇవే. అల్యూమినియం రేకును ఇనుప చట్రానికి నేరుగా రివెట్ చేయించకండి, మధ్యలో రబ్బరు పట్టీ లేకపోతే తడికి రెంటి మధ్య తుప్పు మొదలవుతుంది.

పని సాలూరులో చేయించడం మేలు. 2022లో మన్యం జిల్లాకు వెళ్లినా లారీ బాడీల ఊరు అదే. ఒకటే జాగ్రత్త, లారీ కట్టే చేయి బరువుగా కడుతుంది. 3 మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరుకు 23 కిలోలు దాటుతుంది, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 8 కిలోలలోపే. నాలుగు ప్లై షీట్లు 90 కిలోలు, 60 లీటర్ల నీళ్లు 60 కిలోలు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ మరో 55–60. ఇక్కడే 200 కిలోలు దాటేశాం, మంచం చట్రం ఇంకా మొదలే కాలేదు. 28 వాట్ల ఫ్యాను రాత్రి పది గంటలు తిరిగితే 280 వాట్‌అవర్లు, ఆ బ్యాటరీలో సగం వాడుకున్నా 900 వస్తాయి. కాబట్టి రెండో బ్యాటరీ వద్దు.

పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ ఆఫీసులో అడగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్నదాన్ని మార్చాలంటే అనుమతి కావాలి. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, అప్పుడు ఇన్‌స్పెక్టర్ తలుపు తీసి లోపల పొయ్యి చూస్తాడు.