కిల్కెన్నీ, కోవ్, వెస్ట్‌పోర్ట్: వాన వారాంతానికి ఏది మేలు?

ఐర్లండ్‌కు వచ్చిన మొదటి ఏడాది నేను ఎండ కోసం కాచుకుని కూర్చున్నాను. శుక్రవారం రాత్రి ఫోనులో వాతావరణం చూడడం, వాన గుర్తు కనిపించగానే ప్రయాణం మానుకోవడం. అలా ఎన్నో శనివారాలు డబ్లిన్‌లోని గదిలోనే గడిచిపోయాయి. ఈ దేశంలో తూర్పు తీరాన ఏడాదికి సుమారు 150 రోజులు, పడమట కొన్నిచోట్ల 225 రోజుల దాకా వాన పడుతుంది. అట్లాంటిక్ మీదుగా వచ్చే నైరుతి గాలులు ముందు పడమటి కొండలకు తగిలి, మోసుకొచ్చిన తేమలో ఎక్కువ భాగం అక్కడే కుమ్మరిస్తాయి. వాన ఎటూ తప్పదు కనుక, తెరిపి ఇవ్వకపోయినా రోజు వృథా కాని ఊరేదో తెలుసుకుంటే చాలు. డబ్లిన్ నుంచి కారు లేకుండా రైల్లో వెళ్లగలిగిన మూడు ఊళ్లను ఆ లెక్కన పోల్చి చూస్తున్నాను.

ఒక్క రోజే చేతిలో ఉంటే ఆలోచించకుండా కిల్కెన్నీకి వెళ్లండి. హ్యూస్టన్ స్టేషన్‌లో ఎక్కితే గంటన్నర ప్రయాణం. దిగాక కోటకు పది నిమిషాల నడక. పేరుకు నగరమే అయినా, కోట నుంచి సెయింట్ కానిస్ కెథడ్రల్ దాకా అసలు ఊరంతా ఒక్క వరుసలో ఉంటుంది. దారిలో ఎక్కడ జల్లు పట్టుకున్నా తలదాచుకోవడానికి ఏదో ఒక తలుపు దొరుకుతుంది. కోటను 1391లో బట్లర్ వంశం కొన్నది. దాదాపు ఆరు వందల ఏళ్లు ఉంచుకుని 1967లో 50 పౌండ్ల నామమాత్రపు ధరకు ఊరివారికి అప్పగించింది. లోపలి పొడవాటి చిత్రశాలలో బయట ఎంత జడివాన కురుస్తున్నా గంటసేపు ఇట్టే గడిచిపోతుంది.

కానీ నాకు ఈ ఊరు నచ్చింది కోట వల్ల కాదు, కాళ్ల కింది రాయి వల్ల. కిల్కెన్నీ నల్ల పాలరాయి అని పిలిచేది నిజానికి సున్నపురాయే. పొడిగా ఉన్నప్పుడు మామూలు బూడిదరంగు బండలా కనిపిస్తుంది. వాన పడగానే నల్లగా నిగనిగలాడి, అందులో కోట్ల ఏళ్లనాటి సముద్రజీవుల గుల్లలు తెల్లటి గీతలుగా పైకి తేలుతాయి. తుంపరలో ఒక సందు మొదట్లో వంగి చూస్తుంటే, అటుగా వెళ్తున్న పెద్దాయన ఆగి, ఇవి ఎండలో కనపడవు అని చెప్పి వెళ్లారు. పొగ లేని నిప్పు, మంచు పట్టని గాలి, బురద లేని నీరు, పాలరాయి పరిచిన వీధులు అని ఈ ఊరి గురించి పాత నానుడి ఒకటి ఉంది. ఆ నాలుగో మాట వానలోనే అర్థమైంది నాకు. ఒక్కటే లోటు: కెథడ్రల్ పక్కనున్న గుండ్రటి రాతి గోపురం మీదికి నిచ్చెనల లాంటి మెట్లున్నాయి. వాతావరణం బాగాలేకపోతే ఎక్కనివ్వరు.

కోవ్ సంగతి వేరు. డబ్లిన్ నుంచి కార్క్‌కు సుమారు రెండున్నర గంటలు, అక్కడ బండి మారి నీళ్ల ఒడ్డునే మరో పాతిక నిమిషాలు. ఒక్క రోజులో వెళ్లిరావడం కుదురుతుంది కానీ సగం రోజు రైల్లోనే పోతుంది. కార్క్‌లో రాత్రి ఉండి ఉదయాన్నే కోవ్‌కు వెళ్లడం మేలు. 1912 ఏప్రిల్ 11న టైటానిక్ చివరిగా ఆగింది ఈ రేవు బయటే. అప్పట్లో ఊరి పేరు క్వీన్స్‌టౌన్. ఇక్కడి నుంచి 123 మంది చిన్న పడవల్లో వెళ్లి ఆ ఓడ ఎక్కారు. అందరూ ఆ కథే చెబుతారు. నన్ను నిలబెట్టింది మాత్రం రేవు గట్టున ఉన్న ఆనీ మూర్ విగ్రహం. ఇద్దరు తమ్ముళ్లను వెంటబెట్టుకుని ఇక్కడ ఓడ ఎక్కి, 1892 జనవరి 1న న్యూయార్క్‌లోని ఎల్లిస్ ద్వీపంలో తొలి వలసదారుగా అడుగుపెట్టిన ఆడపిల్ల ఆమె. దేశం వదిలి వచ్చినవాళ్లెవరైనా ఆ గట్టు మీద కాసేపు మాట్లాడలేరు. ముసురు పట్టిన రోజున ఆ రేవు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది.

అయితే కోవ్ నిటారైన ఊరు. వరుస రంగుల ఇళ్ల దగ్గరికీ, మోగే గంటలు 49 ఉన్న సెయింట్ కోల్మన్ కెథడ్రల్‌కూ ఎగువకు ఎక్కాలి. తడిసిన ఆ వాలులో పెద్దవాళ్లు జాగ్రత్తగా నడవాలి. స్టేషన్ పాత భవనంలోనే వలసల చరిత్ర చెప్పే ప్రదర్శనశాల ఉండడం పెద్ద ఊరట. అది చూశాక, ఎక్కడా తెరిపి ఇవ్వకపోతే పూట గడవడం కష్టమే. ఊరు అంత చిన్నది.

ఇక వెస్ట్‌పోర్ట్. మూడింటిలో వాన ఎక్కువ, ప్రయాణ సమయమూ ఎక్కువ, రైల్లో మూడు గంటలకు పైనే. అయినా నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. కొలత వేసి కట్టిన ఊరు. మధ్యలో కారోబెగ్ ఏరు, దానికి రెండువైపులా చెట్లు, రాతి వంతెనలు. ఇక్కడ చేయవలసినవన్నీ ఆరుబయటే ఉన్నాయి. 764 మీటర్ల క్రోగ్ పాట్రిక్ కొండ, 1937లో మూతపడ్డ రైలు మార్గం మీద అకిల్ దీవి దాకా వేసిన 42 కిలోమీటర్ల సైకిల్ దారి. అందుకే ఒక్క రోజుకు దీన్ని పెట్టుకోవద్దు. పొద్దున దిగేసరికి జడివాన పట్టుకుంటే వచ్చిన పనంతా పోతుంది. రెండు రాత్రులుంటే మాత్రం లెక్క మారిపోతుంది. సముద్రపు గాలికి ఇక్కడ మబ్బు ఎంత త్వరగా కమ్ముతుందో అంత త్వరగా చెదిరిపోతుంది. మేము వెళ్లినప్పుడు మధ్యాహ్నం దాకా కిటికీ దగ్గరే కూర్చున్నాం. మూడింటికి వాన వెలిసింది. క్లూ బే అఖాతం మీద మబ్బు అంచు చీలి, దీవులు ఒక్కొక్కటిగా వెలుగులోకి వచ్చాయి. జూన్ నెల కాబట్టి రాత్రి పదింటి దాకా వెలుతురు ఉండి, పోయిన పూటంతా తిరిగి చేతికి వచ్చింది. అదే డిసెంబరులో అయితే సాయంత్రం నాలుగున్నరకే చీకటి. అప్పుడు కిల్కెన్నీయే శరణ్యం.

సైకిల్ తొక్కాలనుకుంటే అకిల్ వైపు వ్యానులో వెళ్లి, అక్కడి నుంచి వెస్ట్‌పోర్ట్‌కు వెనక్కి రండి. గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది కనుక వీపున ఉండి తోస్తుంది. ఈ ఊరికి గొడుగు పనికిరాదు, ఒక్క విసురుకే తిరగబడుతుంది. టోపీ ఉన్న వానకోటు, తడిస్తే మార్చుకోవడానికి రెండో జత మేజోళ్లు తీసుకెళ్లండి.

నా వరుస ఇది: చలికాలంలో, లేదా ఒక్క రోజే ఉంటే కిల్కెన్నీ. ఇంటి నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు కార్క్‌లో ఒక రాత్రి ఉండి కోవ్. మే, జూన్, ఆగస్టు మొదటి సోమవారాలు ఇక్కడ సెలవులు. ఆ మూడు రోజుల్లో ఏదో ఒకటి వెస్ట్‌పోర్ట్‌కు దాచిపెట్టండి. ఆ వారాంతాల్లో గదులు త్వరగా నిండిపోతాయి. రైలు టికెట్టు కన్నా ముందు గది చూసుకోండి.