సాన్ హువాన్‌లో ఒకసారి, మెక్సికో సిటీలో ఒకసారి

కరీబియన్ ద్వీపం ప్యూర్టో రికో, దాని రాజధాని సాన్ హువాన్. చక్రాలు అక్కడి రన్‌వేకి తగిలాయో లేదో, విమానమంతా చప్పట్లు. నెవార్క్ నుంచి నాలుగు గంటలు కునుకుతూ వచ్చిన వాళ్లందరూ ఒక్కసారిగా లేచినట్టయింది. నా పక్క సీటు పెద్దావిడ శిలువ గుర్తు వేసుకుని, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. సొంతూరు చేరగానే ప్యూర్టో రికో వాళ్లు ఇలా చప్పట్లు కొడతారని చెల్లి ముందే చెప్పింది. అయినా వింటుంటే గొంతు పట్టేసింది.

ఇది 2025 ఆగస్టు సంగతి. ప్యూర్టో రికో గాయకుడు బ్యాడ్ బన్నీ పాటలు నాకు అంటించింది చెల్లే. డాలస్‌లో చదువుకుంటోంది, స్పానిష్ మాట్లాడే రూమ్మేట్లతో ఉంటుంది. 2025 జనవరి 5న ఆయన 'దెబీ తిరార్ మాస్ ఫోతోస్' ఆల్బమ్ వచ్చిన రోజు ఫోన్ చేసి, "అక్కా, పేరుకి అర్థం 'ఇంకొన్ని ఫోటోలు తీసుకుని ఉండాల్సింది' అని. అమ్మమ్మ ఇల్లు అమ్మేసినప్పుడు నువ్వూ ఇదే అన్నావు," అంది. ఆ తర్వాత ఆ పాటలు వినకుండా ఎలా ఉంటాను?

కొత్త ఆల్బమ్ రాగానే గాయకులు ప్రపంచం చుట్టి రావడం మామూలు. ఈయన మాత్రం ముందు ఇంట్లోనే కూర్చున్నాడు. 'నో మే కియెరో ఇర్ దె అకీ', అంటే 'నాకు ఇక్కణ్ణించి వెళ్లాలని లేదు' అని పేరు పెట్టి, జులై 11 నుంచి సెప్టెంబరు 14 దాకా సాన్ హువాన్‌లోనే 30 కచేరీలు. మొదటి తొమ్మిదీ అక్కడ నివాసం ఉండేవాళ్లకే. మనలాంటి బయటివాళ్ల వంతు ఆగస్టులో మొదలైంది. ప్రపంచ యాత్ర ఆ తర్వాత, నవంబరులో డొమినికన్ రిపబ్లిక్‌లోని శాంటో డొమింగో నుంచి. అందులో అమెరికా ప్రధాన భూభాగం లేదు. కచేరీల బయట ఇమిగ్రేషన్ అధికారులు కాపు కాస్తారేమోనన్న భయం కూడా ఒక కారణమని ఆయనే ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు.

వీసా కాగితాల మీద బతికే మనకి ఆ మాట వేరే ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. చెల్లిది ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయింది, దేశం దాటితే కొత్త స్టాంపింగ్ లేకుండా తిరిగి రావడం కష్టం. ప్యూర్టో రికో అమెరికా భూభాగమే కాబట్టి సరిహద్దు తనిఖీ లేదు. పాస్‌పోర్టు, కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం సంచిలో పెట్టుకుని వచ్చేసింది. డాలర్లే చెల్లుతాయి, ఫోన్ ప్లాన్ కూడా అలాగే పనిచేస్తుంది.

బస విషయంలో నేనొక పొరపాటు చేశాను. టికెట్‌తో కలిపి హోటల్ ఇచ్చే ప్యాకేజీ తీసుకున్నాం. కొండాడో బీచ్ పక్కన గది. గది శుభ్రంగా ఉంది, ఏసీ చల్లగా ఉంది, కిటికీలోంచి సముద్రం. కానీ ఆ వీధిలో నడుస్తుంటే మయామిలో ఉన్నామో ఇక్కడున్నామో తెలీదు. ఆల్బమ్ నిండా ఉన్న బాధ ఏమిటంటే, డబ్బున్న బయటివాళ్లు వచ్చి ఇళ్లు కొనేస్తుంటే ఊరివాళ్లు ఊరు వదిలి పోతున్నారని. ఆ పాటలు వినడానికి వచ్చి ఆ హోటల్లో పడుకోవడం నాకు మింగుడుపడలేదు. చివరి రెండు రాత్రులకి సాన్‌తూర్సేలో ఒక పెద్దావిడ నడిపే చిన్న గెస్ట్‌హౌస్‌కి మారాం. నాలుగు గదులు, మేడ మీద నీళ్ల ట్యాంకు, వెనక జనరేటర్. మొదటి రాత్రే కరెంటు పోయింది. ఆవిడ టార్చిలైటు పట్టుకుని వచ్చి, చెల్లి చేతిలో విసనకర్ర పెట్టి, "మిహా (అమ్మాయీ), అరగంట" అంది. సరిగ్గా అరగంటకి జనరేటర్ మోగింది. 2017లో మరియా తుపాను తర్వాత ఈ వీధికి నెలల తరబడి కరెంటు లేదట. హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో వారం పది రోజులు చీకట్లో గడిపినవాళ్లం మేం. నెలలంటే ఎలా ఉంటుందో ఊహకి అందలేదు. బడ్జెట్ ఎంతైనా సరే, ఉండడానికి సాన్‌తూర్సే వైపే చూడండి. ఓల్డ్ సాన్ హువాన్ అందంగా ఉంటుంది కానీ రాత్రి కచేరీ నుంచి అంత దూరం తిరిగి రావడం తలనొప్పి.

తిండి దగ్గర శాకాహారులు జాగ్రత్త. బీన్స్ అని చెప్పి తెచ్చినదాంట్లో పంది మాంసం ముక్కలు ఉంటాయి, అడగందే చెప్పరు. పచ్చి అరటికాయ ముక్కలు వేయించి, చదును చేసి, మళ్లీ వేయించే తొస్తోనెస్ మాత్రం మన నాలుకకి చుట్టాలే. నాకు బాగా గుర్తుండిపోయింది అన్నంలో వేసిన గాందూలెస్. గెస్ట్‌హౌస్ ఆవిడ వంటింట్లో ఒక గిన్నె నిండా ఒలిచి పెట్టిన పచ్చి గింజలు చూసి చెల్లి నా చెయ్యి గుంజింది. "అక్కా, ఇవి కందికాయలే కదే!" కందులే. మన దేశంలో పుట్టిన గింజ సముద్రాలు దాటి ఆ ద్వీపం పండగ వంట అయింది. అల్లం లేదు, కారం లేదు, కొత్తిమీర లాంటి వాసన ఉన్న కులాంత్రో ఆకు నూరి వేస్తారు. మాంసం లేకుండా మాకోసం విడిగా వండి పెట్టింది. డబ్బు తీసుకోలేదు.

ఇక కచేరీ. ఊరంతా 'ఎల్ చోలీ' అని పిలిచే కొలిసెయో అనే పెద్ద హాలు హాటో రే ప్రాంతంలో ఉంది. మేం సగ్రాదో కొరసోన్ స్టేషన్‌లో పట్టణ రైలెక్కి ఒక్క స్టేషన్ తర్వాత దిగాం, కార్లన్నీ రోడ్డు మీద ఆగిపోయి ఉన్నాయి. హాలు బయట తాతలు, మనవలు, అందరి నెత్తిన పావాలే. మన పొలాల్లో తాటాకు టోపీల్లాంటి గడ్డి టోపీ అది, చెరుకు కోసే రైతులది. చెల్లి కూడా ఒకటి కొనుక్కుంది.

లోపల వేదిక అంటే వేదిక కాదు, పచ్చటి కొండ. అరటి చెట్లు, ఎర్రపూల తురాయి చెట్టు. మన వీధుల్లో మే నెలలో మండిపోయే చెట్టే, అక్కడ దాన్ని ఫ్లంబోయాన్ అంటారు. మొదట వచ్చింది గాయకుడు కాదు, బోంబా అనే అక్కడి జానపద నాట్యపు డోళ్లు. బోంబాలో వాద్యం వెనక నర్తకి నడవదు, నర్తకి పాదం వెనక డోలు నడుస్తుంది. ఆమె లంగా అంచు ఒక్క విసురు విసిరితే డోలు అక్కడే సమాధానం చెప్పాలి. మా సీట్లు పై వరసల్లో ఉన్నా ఆ దెబ్బ ఛాతీలో తెలిసింది.

హాలుకి అవతలి కొసన రెండో వేదిక, 'లా కసీతా'. ఊళ్లో మామూలు ఇల్లు, గులాబీ రంగు గోడలు, వరండా. బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ లాంటివాళ్లు కూడా ఆ వరండాలో నిలబడి చూశారు. రెగ్గేటన్ అనే డ్యాన్సు పాటలన్నీ అక్కడే. ఆయన ఇంటి కప్పు ఎక్కి పాడుతుంటే కింద కుర్రాళ్లు పార్టీ చేసుకుంటున్నట్టే ఉంది. ఈ సంగీతం పుట్టింది కూడా ఇలాంటి ఇళ్లల్లో, పేదల కాలనీల్లోనే. 1995లో సాన్ హువాన్ పోలీసులు దుకాణాల మీద పడి ఈ క్యాసెట్లు ఎత్తుకుపోయారు. ఇవాళ అదే ఊళ్లో, అదే దెంబో దరువుకి మంత్రులూ మామ్మలూ ఒకే వరసలో ఊగుతారు.

చివర్లో సల్సా బృందం, ప్లేనా అనే జానపద సంగీతం వాయించేవాళ్లు. ప్లేనాకి చేతిలో పట్టుకునే చర్మపు పలక వాద్యాలు మూడు సైజుల్లో ఉంటాయి, మన డప్పుకి చిన్న తమ్ముళ్లు. ఆల్బమ్ పేరున్న పాట వచ్చేసరికి మా ముందు వరసలో ఒకాయన ఫోన్‌లో పాత ఫోటో ఒకటి తెరిచి, దాన్ని వేదిక వైపు తిప్పి పట్టుకున్నాడు. ఫోటోలో ముసలావిడ, వరండా, ప్లాస్టిక్ కుర్చీ. పాటంతా చెయ్యి దించలేదు. చెల్లి నా భుజం మీద తల పెట్టింది, ఇద్దరం మాట్లాడుకోలేదు.

తిరుగు ప్రయాణం మాత్రం నరకం. యాప్‌లో క్యాబ్ నాలుగుసార్లు బుక్ అయింది, నాలుగుసార్లూ రద్దయింది. గంటన్నర నిలబడి చివరికి నడిచాం. కచేరీ రాత్రులకి ముందే ఎవరితోనైనా కారు మాట్లాడుకోవడం మంచిది. మిగతా రోజుల్లో మోర్రో కోట చూశాం, పది డాలర్ల టికెట్‌తో అదీ, ఆ ఊళ్లోనే ఉన్న ఇంకో కోటా చూడొచ్చు. ఎల్ యుంకే అడవిలో వాన, మళ్లీ వాన. తిరిగి వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో చెక్-ఇన్‌కి ముందే వ్యవసాయ శాఖ వాళ్లు సామాను స్కాన్ చేస్తారు, కొన్ని రకాల పళ్లు కొనుక్కుంటే అక్కడే వదిలేయాలి.

డిసెంబరులో మెక్సికో సిటీకి వెళ్లాను. ఎస్తాదియో జీఎన్‌పీలో ఎనిమిది రాత్రులు, ఒక్కో రాత్రి అరవై వేలకి పైగా జనం పట్టే స్టేడియం. నాకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి మెక్సికో వీసా అక్కర్లేదు. చెల్లి రాలేకపోయింది. టికెట్ కొన్న రోజున "నువ్వెళ్లు అక్కా, నేను చూసేశాగా" అంది. ఆ మాట నన్ను స్టేడియం దాకా వెంటాడింది.

సేవల్లో మెక్సికో సిటీకే నా ఓటు. రోమా నోర్తేలో బస, అక్కణ్ణించి మెట్రో, టికెట్ ఐదు పెసోలు. తొమ్మిదో నంబరు లైన్‌లో సియుదాద్ దెపోర్తీవా దిగితే స్టేడియం దగ్గరే. స్టేడియం గేటు దగ్గర బెల్టులు తీసేయమన్నారు. బయట ఆడవాళ్లు చీటీ ఇచ్చి బెల్టులు దాచిపెడుతున్నారు, నాది కూడా భద్రంగా తిరిగొచ్చింది. శాకాహారులకి గుమ్మడి పువ్వుల కెసదియా అనే మడత రొట్టె, బీన్స్ కూరిన త్లాకోయో అనే మొక్కజొన్న రొట్టె ఉన్నాయి. చీజ్ కావాలంటే మాత్రం విడిగా చెప్పాలి. ఊరు 2,240 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రి చలికి కోటు తప్పనిసరి, మెట్లెక్కితే ఆయాసం.

జనం ప్రతి మాటా పాడారు, అంత గట్టిగా సాన్ హువాన్‌లో కూడా వినలేదు. కానీ నా సీటు నుంచి ఆయన వేలెడంత కనిపించాడు, మిగతా అంతా తెరమీదే. కసీతా అక్కడికీ వచ్చింది. ఎల్ చోలీలో అది పక్కింటిలా ఉండేది, ఇక్కడ దూరంగా దీపం పెట్టిన బొమ్మరిల్లులా ఉంది. ఆల్బమ్ పేరున్న పాటకి చెల్లికి వీడియో కాల్ చేశాను. డాలస్‌లో తన గదిలో పావా పెట్టుకుని కూర్చుంది. సిగ్నల్ తెగి తెగి వచ్చింది, అయినా పాట అయ్యేదాకా కట్ చేయలేదు.

ఈ యాత్రలో యూరప్ వంతు 2026 వేసవిది. మాడ్రిడ్ ఒక్కచోటే పది రాత్రులు, లండన్, పారిస్, మిలాన్ కూడా జాబితాలో ఉన్నాయి. టికెట్ కొనేముందు స్టేడియం పటం తెరిచి కసీతా ఏ కొసన ఉంటుందో చూసుకోండి, వేదిక ముందు ఖరీదైన సీటు కంటే ఆ కొసకి దగ్గరి సీటు మేలు.